పాఠకుల ప్రశ్నలు: ఫోటో తీయనిచ్చినవారు ప్రచురించనిచ్చినట్టేనా?

ఉగాది, చైత్రమాసపు యాత్రలు, పెళ్ళిళ్ళు ఒకదాని వెంట ఒకటి రావడం వల్ల కాబోలు, ఈసారి గంజాం, గజపతి, రాయగడ జిల్లాల పాఠకుల నుండి అందిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఫోటోల గురించే ఉన్నాయి. తీసినవారు రాశారు, తీయించుకున్నవారు రాశారు, తమకు తెలియకుండానే ఫోటోలో పడినవారు కూడా రాశారు. విషయం మనుషుల గోప్యతకు సంబంధించినది కనుక, వేయమని కోరినవారితో సహా ఎవరి పేరూ ఇక్కడ వేయడం లేదు.

ప్రశ్న: బరంపురంలో మా తెలుగు సంఘం తరఫున ఉగాది సంబరాలు జరిపాము. ముగ్గుల పోటీలో బహుమతి అందుకున్న ఒక సభ్యురాలి ఫోటోను సంఘం ఫేస్‌బుక్ పేజీలో పెట్టాము. రెండు రోజుల తరువాత ఆవిడ ఫోన్ చేసి తీసేయమన్నారు. కారణం అడిగితే చెప్పలేదు. "నలుగురి ముందూ వేదిక ఎక్కినప్పుడు లేని అభ్యంతరం ఇప్పుడెందుకు? కెమెరా వైపు చూసి నవ్వారు కదా?" అని కార్యవర్గంలో కొందరి వాదన. అదే ఫోటో సంఘం వార్షిక సంచికలో కూడా వేయాలనుకున్నాము. ఏం చేయమంటారు?
— సంఘం కార్యదర్శి, బరంపురం

జవాబు: ముందు ఫోటో తీసేయండి, చర్చ తరువాత పెట్టుకోండి. ఆవిడ కారణం చెప్పనవసరం లేదు, మీరు అడగనూ కూడదు. కోర్టులో ఏదైనా వ్యవహారం నడుస్తూ ఉండవచ్చు. ఎవరో వెంటపడి వేధిస్తుంటే ఏ ఊళ్ళో ఉంటున్నదీ తెలియనివ్వకుండా జాగ్రత్త పడుతూ ఉండవచ్చు. అత్తవారింట ఇష్టం లేకపోవచ్చు. ఏ కారణమూ లేకుండా తన ముఖం ఇంటర్నెట్‌లో ఉండడం ఆవిడకు నచ్చకపోనూ వచ్చు. ఇవన్నీ సమానంగా చెల్లే కారణాలే. కారణం చెప్పితీరాలని పట్టుబట్టడమంటే ఒక గోప్యతను కాపాడడానికి మరొక గోప్యతను వదులుకోమనడమే అవుతుంది.

మీ కార్యవర్గ సభ్యుల వాదనలో రెండు వేరువేరు అనుమతులు కలగలిసిపోయాయి. ఆవిడ నవ్వింది ఎదురుగా నిలబడిన, తనకు ముఖపరిచయం ఉన్న మీ సంఘం కుర్రవాడి కెమెరాను చూసి. ఆ సాయంత్రం ఆ హాలులో కూర్చున్నవారు ఎవరో ఆవిడకు తెలుసు; వారి ఎదుట వేదిక ఎక్కడానికి ఆవిడ ఒప్పుకున్నారు. ఫేస్‌బుక్ పేజీ చూసేవారు ఎవరో మీకూ తెలియదు, ఆవిడకూ తెలియదు. అక్కడ పెట్టిన ఫోటోను ఎవరైనా దింపుకోవచ్చు, కత్తిరించుకోవచ్చు, పదేళ్ళ తరువాత బయటికి తీయవచ్చు. ఫోటో తీయడానికి ఇచ్చిన అనుమతి ప్రచురణకు చెల్లదు. సంచికలో అచ్చు వేయడానికి ఇచ్చిన అనుమతి ఇంటర్నెట్‌కు చెల్లదు. ప్రతి చోటికీ ఆ చోటు పేరు చెప్పి విడిగా అడగాలి.

ఇందులో చట్టం ఏమంటుందో కూడా తెలుసుకోవడం మంచిది. గోప్యత రాజ్యాంగంలోని 21వ అధికరణం కింద ప్రాథమిక హక్కులో భాగమని సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో 2017 ఆగస్టు 24న ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. ఆ తరువాత 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం సమ్మతి ఎలా ఉండాలో వివరించింది: అది స్వేచ్ఛగా ఇచ్చినదై ఉండాలి, ఫలానా పనికని స్పష్టంగా చెప్పి తీసుకున్నదై ఉండాలి, విషయం తెలిసి ఇచ్చినదై ఉండాలి, షరతు పెట్టి రాబట్టినది కాకూడదు. మౌనంగా ఊరుకోవడం సమ్మతి కిందికి రాదు. ఇచ్చిన సమ్మతిని ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు, ఇవ్వడం ఎంత తేలికో వెనక్కి తీసుకోవడమూ అంతే తేలికగా ఉండాలని కూడా ఆ చట్టంలో ఉంది. నవ్వితే చాలు అనుమతి దొరికిందని మీరు అనుకున్నప్పుడు, తీసేయడానికి ఒక్క ఫోన్ చాలదని ఎలా అంటారు? ఈ చట్టం నియమావళి 2025 నవంబరులో వెలువడింది. సంస్థల మీద పడే ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చారు. గడువు ఉన్నది కదా అని అంతవరకు ఆగవలసిన పని లేదు. ఒక వ్యక్తి తన సొంత అవసరానికో ఇంటి అవసరానికో దాచుకునే ఫోటోలకు ఈ చట్టం వర్తించదు గాని, సంఘం నడిపే బహిరంగ పేజీని ఇంటి అవసరమని ఎవరూ అనలేరు.

ఇక వచ్చే ఏడాదికి చేసుకోవలసిన ఏర్పాట్లు. పోటీలకు పేర్లు తీసుకునే కాగితం మీదనే రెండు ప్రశ్నలు వేరువేరుగా చేర్చండి: మీ ఫోటో వార్షిక సంచికలో వేయవచ్చునా? ఇంటర్నెట్‌లో పెట్టవచ్చునా? రెండింటికీ అవును, కాదు అని గడులు ఉంచండి. ఏమీ గుర్తు పెట్టకపోతే కాదన్నట్టే లెక్క. ఆ కాగితం తెలుగులోను, ఒడియాలోను ఉండాలి. బరంపురంలో ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఒడియా మాత్రమే చదువుకున్నవారు ఎందరో మీకు వేరే చెప్పనక్కరలేదు. రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషలలో ఏ భాషలోనైనా సమాచారం అందుకునే వీలు ఉండాలని కొత్త చట్టం కూడా చెబుతున్నది. మన రెండు భాషలూ ఆ పట్టికలో ఉన్నాయి.

హాలు గుమ్మం దగ్గర "ఇక్కడ ఫోటోలు తీస్తున్నాము" అని బోర్డు పెట్టడం అవసరమే. అయితే బోర్డు పెట్టగానే బాధ్యత తీరిపోయిందనుకోవద్దు. పిల్లవాణ్ణి చంకనెత్తుకొని, చేతిలో సంచీతో హడావిడిగా లోపలికి వచ్చే తల్లి బోర్డు చదువుతుందా? కుర్చీల వరుసలలో ఒక పక్కను కెమెరా తిప్పకుండా వదిలి, ఫోటోలో పడడం ఇష్టం లేనివారిని అక్కడ కూర్చోమని మైకులో రెండు భాషలలోనూ చెప్పించండి. నిండు హాలును దూరం నుండి తీసిన ఫోటోలో ఏ ఒక్కరూ ప్రత్యేకంగా కనబడరు కనుక అందరినీ అడుగుతూ కూర్చోనక్కరలేదు. ఒక ముఖాన్ని దగ్గరగా తీసినప్పుడు, లేదా ఫోటో కింద పేరు రాసినప్పుడు తప్పకుండా అడగాలి. పేరు వేసినా వీధి పేరు, భర్త పేరు, ఉద్యోగం చేసే చోటు జత చేయకండి. బహుమతి ఎవరికి వచ్చిందో తెలియడానికి అవేవీ అవసరం లేదు. చివరగా, తీసేయమని కోరడానికి ఎవరికి ఫోన్ చేయాలో ఒక నంబరు పేజీలోనే రాసి ఉంచండి.

సంచిక సంగతికి వస్తే, అచ్చయి ఇంటింటికీ వెళ్ళిపోయాక వెనక్కి తెచ్చుకునే దారి ఉండదు. ఆవిడను మళ్ళీ అడిగి, సరేనంటేనే వేయండి. కాదంటే ఆవిడ వేసిన ముగ్గు ఫోటో వేయండి. బహుమతి వచ్చింది ముగ్గుకే కదా.

ప్రశ్న: పర్లాకిమిడిలో మాది చిన్న స్టూడియో. ఒక పెళ్ళి ఫోటోలు బాగా కుదిరాయని రెండింటిని పెద్దవి చేయించి దుకాణం అద్దాలలో పెట్టాను, ఇన్‌స్టాగ్రామ్‌లోనూ పెట్టాను. పెళ్ళికూతురి అన్నగారు వచ్చి గొడవ చేశారు. నేను తీసిన ఫోటోలు నావి కావా?
— ఒక ఫోటోగ్రాఫరు, పర్లాకిమిడి

జవాబు: కావు. మామూలుగా ఫోటో మీద కాపీరైటు తీసినవారిదే. అయితే ఒకరు డబ్బిచ్చి, పురమాయించి తీయించుకున్న ఫోటోకు, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే, మొదటి హక్కుదారు ఆ తీయించుకున్నవారేనని 1957 నాటి కాపీరైటు చట్టం 17వ సెక్షను స్పష్టంగా చెబుతున్నది. సాధారణంగా పెళ్ళి ఫోటోలన్నీ ఈ కోవలోకే వస్తాయి. మీ దగ్గర మూల ప్రతులు ఉన్నంత మాత్రాన ప్రచారానికి వాడుకునే హక్కు రాదు.

మరొక సంగతి కూడా మనసులో ఉంచుకోండి. డబ్బిచ్చింది పెళ్ళికూతురి తండ్రి కావచ్చు, ఫోటోలో ఉన్న ముఖం మాత్రం ఆ అమ్మాయిది. తండ్రిగారు సరేనన్నా అమ్మాయిని, అబ్బాయిని విడిగా అడగవలసిందే. మంగళస్నానాలు, అలంకరణ, చీర మార్చుకునే గది ఇవేవీ నమూనా ఆల్బములలో ఉండకూడదు. స్త్రీ ఏకాంతంగా ఉన్న స్థితిలో ఫోటో తీయడం గురించి భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షనులో ఒక వివరణ ఉంది: అటువంటి ఫోటో తీయడానికి ఆమె ఒప్పుకున్నా, ఇతరులకు చూపడానికి ఒప్పుకోనప్పుడు దానిని బయటికి పంపితే అది నేరమే. మొదటిసారికే ఏడాదికి తగ్గకుండా మూడేళ్ళ వరకు జైలు శిక్ష, జరిమానా ఉన్నాయి. మీరు అటువంటి పని చేశారని నేననడం లేదు. అన్నీ ఒకే పెన్‌డ్రైవులో వేసి ఆల్బం డిజైను చేసేవారికి పంపే అలవాటు స్టూడియోలలో ఉంది కనుక చెబుతున్నాను.

అడ్వాన్సు రసీదు కిందనే "నమూనాగా చూపవచ్చు" అని ఒక వాక్యం అచ్చు వేయించి, దానికి విడిగా సంతకం తీసుకోండి. ఒప్పుకోనివారి దగ్గర ధర పెంచకండి. పనితనం చూపడానికి ముఖాలే అక్కరలేదు. జీలకర్ర బెల్లం పెట్టే చేతులు, దోసిట్లోంచి జారుతున్న తలంబ్రాలు, పారాణి పెట్టిన పాదం దగ్గర మెట్టె తొడుగుతున్న వేళ్ళు: ఇటువంటి ఫోటో ఒక్కటి చూస్తే చాలు, వెలుతురు మీద మీకున్న పట్టు తెలిసిపోతుంది. ప్రస్తుతానికి ఆ రెండు ఫోటోలూ దించి, పెళ్ళివారింటికి వెళ్ళి ఆ మాట చెప్పి రండి.

ప్రశ్న: మా అబ్బాయికి జబ్బు నయమైతే ఠాకురాణి యాత్రలో వేషం కట్టిస్తానని మొక్కుకున్నాను. మొక్కు ప్రకారం వాడు బిచ్చగాడి వేషం వేసుకొని అమ్మవారి దర్శనానికి వెళ్ళాడు. దారిలో ఎవరో తీసిన ఫోటో కింద, చదువుకొని ఉద్యోగం దొరకని వాడి గతి ఇదేనంటూ వెటకారం రాసి తిప్పుతున్నారు. వాడు డిగ్రీ చదువుతున్నాడు, కాలేజీకి వెళ్ళనంటున్నాడు. యాత్రలో వేషం వేసినవారి ఫోటో ఎవరైనా తీసుకోవచ్చునా?
— ఒక తల్లి, బరంపురం

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివి బాధ కలిగింది. రెండేళ్ళకొకసారి బూఢీ ఠాకురాణి దేశిబెహెరా వీధిలోని పుట్టింటికి వచ్చే ఆ యాత్ర గురించి దూరప్రాంతాల పాఠకులకు ఒక మాట చెప్పాలి. అక్కడ కనబడే శివుడి వేషం, కృష్ణుడి వేషం, సాధువు వేషం, బిచ్చగాడి వేషం ఇవన్నీ వినోదానికి వేసుకునేవి కావు. ఆ వేషంలో తిరగడమే మొక్కు చెల్లించడం.

వీధిలో సాగే ఉత్సవాన్ని ఫోటో తీయడం నేరం కాదు. వేషాలను, ఘటాలను, జనాన్ని తీసినవారిని తప్పు పట్టలేము. ఆ ఫోటోలే లేకపోతే యాత్ర చరిత్రే మిగలదు. అయితే మొక్కుతో వచ్చిన ఒక పిల్లవాడి ముఖాన్ని తెచ్చి, లేని కథ అంటగట్టి నవ్వులపాలు చేయడం వేరే పని. ఫోటో నిజమైనదే అయినా దాని కింద రాసిన మాట అబద్ధం. ఒకరి పరువు పోయేటట్టు అబద్ధాన్ని ప్రచారం చేయడం పరువునష్టం కిందికి వస్తుంది. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షను దాని గురించే. మొదట ఆ పేజీ నడిపేవారికి, ఇది ఫలానా మొక్కు వేషమని, తొలగించకపోతే ఫిర్యాదు చేస్తామని రాతపూర్వకంగా తెలియజేయండి. వాట్సాప్ గ్రూపులలో తిరుగుతుంటే ఆయా గ్రూపుల నిర్వాహకులకు చెప్పండి. చాలామంది సంగతి తెలియక పంపినవారే అయి ఉంటారు, తెలిస్తే తీసేస్తారు. అబ్బాయి కాలేజీలో నమ్మకమైన అధ్యాపకులు ఒకరికి విషయం చెప్పి ఉంచడం మంచిది.

యాత్రకు కెమెరాతో వెళ్ళేవారికి నా విన్నపం ఇది. దూరం నుండి గుంపును తీస్తే తీయండి. ఒక వేషం దగ్గరికి వెళ్ళి ముఖం తీయాలనుకున్నప్పుడు ఆగి, ఏ వేషమో, ఎవరి కోసం మొక్కుకున్నారో అడగండి, ఎక్కడ పెట్టాలనుకుంటున్నారో చెప్పండి. రెండు నిమిషాల పని. చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు, తమకూ ఒకటి పంపమని నంబరు ఇస్తారు కూడా. వేషం వేసినవారు అరుగు మీద కూలబడి నీళ్ళు తాగుతున్నప్పుడు, చెమటకు కారిన రంగు తుడుచుకుంటున్నప్పుడు, వేషం విప్పుతున్నప్పుడు కెమెరా దించేయండి. ఆ సమయంలో వారు అమ్మవారి కోసమూ, జనం కోసమూ వేషంలో లేరు.

ప్రశ్న: కాశీనగర్ చుట్టుపక్కల ఊళ్ళలో మా మిత్రబృందం తుఫాను సమయాలలో బియ్యం, దుప్పట్లు పంచుతుంది, కంటి వైద్య శిబిరాలు కూడా పెట్టిస్తాము. దాతలు విశాఖపట్నంలోను, విదేశాలలోను ఉంటారు. "ఫోటోలు పంపండి" అంటారు. తీసుకున్నవారి ఫోటోలు పెట్టకపోతే డబ్బు ఏమైందని అడుగుతారు. తీసుకునేవారెవరూ ఇంతవరకు వద్దనలేదు. ఇందులో తప్పేమైనా ఉందా?
— బృందం సభ్యుడు, గజపతి జిల్లా

జవాబు: మీరు చేస్తున్న పని గొప్పది, మీరు అడిగిన ప్రశ్న దానికి ఏమాత్రం తీసిపోదు. అందుకే దీనికి కొంచెం వివరంగా జవాబు చెబుతాను.

ఎవరూ వద్దనలేదన్నారు. ఎలా అనగలరు? ఇల్లు కూలి, పొయ్యి తడిసి, పిల్లలకు ఆ పూట అన్నం లేని మనిషి ఎదుట మీరు బియ్యం సంచీ పట్టుకొని నిలబడ్డారు. సంచీ ఒక కొస మీ చేతిలో ఉంది, రెండవ కొస ఆమె చేతిలో ఉంది. సరిగ్గా అప్పుడే ఎవరో "ఇటు చూడమ్మా" అంటారు. ఆమె చూస్తుంది. ఆ చూపును సమ్మతి అనుకోవడం న్యాయం కాదు. సమ్మతి స్వేచ్ఛగా, షరతు లేకుండా ఉండాలని 2023 చట్టం చెప్పినదానికి అర్థం ఇటువంటి చోటనే బాగా తెలుస్తుంది. ఫోటో దిగితేనే బియ్యమని మీరు నోటితో అనకపోయినా, అక్కడి ఏర్పాటు ఆ మాటే అంటున్నది.

మన జిల్లాలకు ఇది కొత్త కాదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాను అతలాకుతలం చేసింది. అటువంటి రోజులలో వరుసలో నిలబడినవారి ఫోటోలు ఒకసారి ఇంటర్నెట్‌లోకి ఎక్కితే అక్కడే ఉండిపోతాయి. ఫైలిన్ నాటికి పదేళ్ళున్న పిల్లవాడు ఇప్పుడు ఉద్యోగం వెతుక్కునే వయసువాడు, పెళ్ళి సంబంధాలు చూసే ఇంటివాడు. పళ్ళెం పట్టుకొని నిలబడిన తన ముఖం ఇవాళ ఎదురైతే అతనికి ఎలా ఉంటుందో ఆలోచించండి. సాయం తీసుకోవడం సిగ్గుపడవలసిన విషయం కాదు. అయినా తన కష్టకాలాన్ని ఎవరికి చెప్పుకోవాలో, ఎవరికి చెప్పకూడదో నిర్ణయించుకునే హక్కు అతనిదే.

కంటి శిబిరం సంగతి ఇంకా సున్నితమైనది. ఆపరేషను చేయించుకొని, కంటికి కట్టుతో వరుసగా కూర్చోబెట్టిన వృద్ధుల ఫోటో ఒక రకంగా వారి వైద్య సమాచారం. వారిలో చాలామందికి ఆ క్షణాన ఎదుట కెమెరా ఉన్నదని కూడా కనబడదు. ఆ ఫోటో ఎట్టి పరిస్థితిలోనూ వద్దు.

దాతలకు లెక్క చెప్పడం మీ ధర్మం, కాదనను. లెక్కను లెక్కలాగే చెప్పండి. కొన్న బిల్లులు, ఊరి పేరు, ఎన్ని కుటుంబాలకు ఎన్ని కిలోలు ఇచ్చారో, పంచాయతీ వార్డు సభ్యులో అంగన్‌వాడీ కార్యకర్తో చేసిన సంతకం పంపండి. తీసుకున్నవారి సంతకాలు, వేలిముద్రలు ఉన్న జాబితాను దగ్గర పెట్టుకొని, దాత స్వయంగా వచ్చి చూడాలంటే చూపండి. గ్రూపులో మాత్రం పెట్టకండి. ఫోటో కావాలంటే దించుతున్న బస్తాలను, బండిని, సరుకు మోస్తున్న మీ బృందాన్ని తీయండి. మనుషులు కూడా ఉండాలనిపిస్తే వెనుక నుండి, వరుస తెలిసేటట్టు, ముఖాలు తెలియకుండా తీయవచ్చు.

ఎవరి కథనైనా ముఖంతో సహా చెప్పడం నిజంగా అవసరమనిపిస్తే, సాయం అందిన రోజున అడగకండి. వారం పది రోజులు పోయాక, చేతిలో ఏమీ పట్టుకోకుండా వెళ్ళి, వారి భాషలో అడగండి. మీ ప్రాంతంలో తెలుగు, ఒడియా, సవర మూడూ వినబడతాయి; సవర మాట్లాడే ఇంటికి ఆ భాష వచ్చినవారిని తీసుకువెళ్ళండి. ఫోటోను ఫోనులో చూపించి, ఇది విశాఖపట్నంలోనూ అమెరికాలోనూ ఎవరైనా చూడవచ్చునని చెప్పండి. కాదన్నా తరువాతి సాయం ఆగదని మీరు చెప్పడమే కాదు, ఆ మాట వారికి నమ్మకంగా వినిపించాలి.

ఇంత చెప్పినా "ముఖాలు లేకపోతే డబ్బు పంపము" అనే దాత ఎవరైనా ఉంటే, నా జవాబును యథాతథంగా వారికి పంపండి.

ప్రశ్న: మా బడి వార్షికోత్సవం ఫోటోలు బడి పేజీలో పెట్టాలని యాజమాన్యం అంటున్నది. తల్లిదండ్రులను ఒక్కొక్కరినీ అడగాలా?
— ఉపాధ్యాయిని, గుణుపురం

జవాబు: అడగాలి. కొత్త చట్టం ప్రకారం 18 ఏళ్ళు నిండనివారి వ్యక్తిగత సమాచారానికి తల్లిదండ్రుల సమ్మతి, అదీ సరిచూసుకోదగిన సమ్మతి, కావాలి. ఏడాది మొదట్లో బడిలో చేర్చుకునేటప్పుడే సంతకం తీసుకుంటే సులువని యాజమాన్యాలు అనుకుంటాయి; అన్నింటికీ కలిపి ఒకే సంతకం తీసుకోవడం సరైన పద్ధతి కాదు. చదువురాని తల్లిదండ్రులకు కాగితం చదివి వినిపించి, అర్థమయిందో లేదో అడిగి తెలుసుకోండి.

పిల్లలను కూడా అడగండి. ఎనిమిదో తరగతి అమ్మాయి నృత్యం చేసిన ఫోటో తనకు నచ్చలేదంటే, తల్లి సంతకం ఉన్నా పెట్టవద్దు. పేరు, తరగతి, ఊరు మూడూ ఒకే ఫోటో కింద రాయకండి. బయటి మనిషి పిల్లను పేరు పెట్టి పిలిచి మాట కలపడానికి ఆ మూడూ చాలు.

సంరక్షణ గృహాల నుండి మీ బడికి వచ్చే పిల్లలుంటే వారి విషయంలో మరింత జాగ్రత్త కావాలి. సంరక్షణ అవసరమైన పిల్లలను గుర్తుపట్టే వివరాలు బయటపెట్టకూడదని 2015 బాలల న్యాయ చట్టం 74వ సెక్షను నిషేధించింది. ఉల్లంఘిస్తే ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ ఉండవచ్చు. లైంగిక నేరానికి గురైన పిల్లల పేరు, ఫోటో, బడి, ఇరుగుపొరుగు వివరాలను మీడియాలో వెల్లడి చేయకూడదని 2012 పోక్సో చట్టం 23వ సెక్షను అంటున్నది. ఇవి విలేఖరులకేనని బడులు అనుకోకూడదు.

ప్రశ్న: చాటికోన బుధవారం సంతకు మిత్రులతో వెళ్ళి డొంగ్రియా కొంధు గిరిజన స్త్రీల వీడియోలు తీస్తుంటాను. వారి ముక్కుపుడకలు, తలలో పిన్నులు, కుట్టుపని చేసిన శాలువాలు చూడడానికి ఎంతో అందంగా ఉంటాయి. ఒక్కొక్కరికి పది, ఇరవై రూపాయలు ఇస్తాను. ఇంకా అనుమతి కావాలా?
— ఒక విద్యార్థి, రాయగడ

జవాబు: కావాలి. వారు సంతకు వచ్చింది పసుపు, పండ్లు అమ్ముకోవడానికి; మీ వీడియో కోసం కాదు. మీరిచ్చిన ఇరవై రూపాయలు ఆ నిమిషం అక్కడ నిలబడినందుకు చెల్లవచ్చునేమో గాని, వేలమంది చూసే చోట పెట్టడానికి చెల్లవు. పైగా వారి మాట కువి, మీరు మాట్లాడేది తెలుగో ఒడియానో. ఏం అడిగారో తెలియని మనిషి ఏం ఒప్పుకున్నట్టు? తమ నియమగిరి కొండలలో గనులు తవ్వడం విషయంలో 2013లో 12 గ్రామసభలలో తమ మాట తామే నిర్భయంగా చెప్పిన జనం వారు. కాబట్టి వారి తరఫున "ఏమీ అనుకోరులే" అని మనం తీర్మానించుకోవలసిన పని లేదు.

సంతలో రెండు భాషలూ తెలిసినవారు ఎప్పుడూ ఉంటారు. వారి ద్వారా అడగండి. ముఖం తిప్పుకుంటే, చెంగు అడ్డం పెట్టుకుంటే వద్దన్నట్టే. దూరం నుండి జూమ్ చేసి తీయడం అడగకుండా తీసుకోవడమే. మీకు ఆ శాలువా మీద నిజంగా ఆసక్తి ఉంటే, దాని పేరు కపడాగండ అని, 2024లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చిందని తెలుసుకొని, కుట్టినవారు ఇష్టపడితే కుట్టే పద్ధతిని చేతుల వరకు తీసి వివరించండి. తీసిన ఫోటో ప్రింటు వేయించి తరువాతి బుధవారం వారికే ఇవ్వండి.

ప్రశ్న: మా తమ్ముడి కూతురు ఒక పెళ్ళిలో నృత్యం చేసింది. ఆ వీడియోలోంచి ముఖం కత్తిరించి వేరే శరీరానికి అతికించి ఎవరో పెట్టారు. పెట్టినవాడు శ్రీకాకుళం జిల్లావాడని తెలిసింది. అమ్మాయికి 19 ఏళ్ళు. ఇక్కడ ఫిర్యాదు చేయాలా, అక్కడ చేయాలా? పరువు పోతుందని తమ్ముడు భయపడుతున్నాడు.
— పెదనాన్న, గుణుపురం దగ్గరి ఊరు

జవాబు: మీ దగ్గరి పోలీసు స్టేషనులోనే చేయండి. నేరం ఏ రాష్ట్రంలో జరిగినా ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు నమోదు చేయాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షను చెబుతున్నది. తరువాత దానిని సంబంధిత స్టేషనుకు పంపుకోవడం వారి పని. సరిహద్దు పేరు చెప్పి ఎవరైనా తిప్పి పంపబోతే ఈ సెక్షను పేరు చెప్పండి. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో కూడా ఫిర్యాదు చేయవచ్చు. అందులో స్త్రీలు, పిల్లలకు సంబంధించిన ఫిర్యాదులకు విడిగా ఒక భాగం ఉంది. పేరు చెప్పకుండా ఇచ్చే వీలు కూడా ఉంది. సైబర్ నేరాల సహాయ నంబరు 1930.

ఫిర్యాదుకు ముందే ఆ పోస్టు లింకు, పెట్టినవాడి ఖాతా పేరు, తేదీ, సమయం కనబడేటట్టు స్క్రీన్‌షాట్లు తీసి భద్రపరచండి. ఆ పోస్టును "ఇది చూడండి" అంటూ బంధువులకు పంపకండి. మేలు కోరి పంపినా అది మరొకసారి ప్రచారం చేయడమే. అదే సమయంలో ఆ పోస్టు ఉన్న సామాజిక మాధ్యమ కంపెనీ ఫిర్యాదుల అధికారికి కూడా రాయండి. ముఖం మార్చి అతికించిన ఇటువంటి చిత్రాలను బాధితులు ఫిర్యాదు చేయగానే వేగంగా తొలగించాలని 2021 నాటి సమాచార సాంకేతిక నియమాలు ఆ కంపెనీలను ఆదేశిస్తున్నాయి. అసభ్యమైన చిత్రాన్ని ఇంటర్నెట్‌లో ప్రచురించడం సమాచార సాంకేతిక చట్టం 67వ సెక్షను కింద నేరం. మొదటిసారికి మూడేళ్ళ వరకు జైలు, ఐదు లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. ఇటువంటిదే 18 నిండని పిల్లల విషయంలో జరిగితే పోక్సో చట్టం వర్తిస్తుంది, 1098కి ఫోన్ చేయవచ్చు.

మీ తమ్ముడికి ఒక మాట చెప్పండి. పరువు పోవలసింది పెట్టినవాడిది. అమ్మాయి నృత్యం చేయడం తప్పు కాదు, వీడియో తీయనివ్వడమూ తప్పు కాదు. ఆమె ఫోను లాక్కోకండి, చదువు మానిపించకండి. ఫిర్యాదులో ఏం రాయాలో, స్టేషనుకు ఎవరు తోడు రావాలో, బంధువులలో ఎవరికి తెలియాలో ఆమెనే అడగండి. ఆ పెళ్ళి వీడియో తీయించినవారికీ, స్టూడియోవారికీ కూడా విషయం చెప్పి, వీడియో ఎవరెవరికి పంపారో రాయించి తీసుకోండి. పోలీసులు మొట్టమొదట అడిగేది ఆ జాబితానే.